మా నవాసీ చేసిన రెండు తాబేళ్లు



ఇంట్లో మూడు నుంచి ఐదేళ్ల బచ్చాలున్న ఆపాలూ, బాబీలూ, నానీలూ, దాదీలూ, ఈ మాటలు మీకోసం. సెలవు రోజు జొహర్ నమాజ్ అయ్యాక పెద్దవాళ్లం కాస్త నడుం వాల్చుదామంటే పిల్లలు పడుకోరు. చేతికి ఫోన్ ఇస్తే గోల ఉండదు గానీ దిల్ ఒప్పుకోదు. అలాంటప్పుడు కత్తెర, జిగురు, నాలుగు రంగులు ముందేసుకుని చాప మీద కూర్చోవడం మా ఇంట్లో ఆదత్ అయింది. ఏం చేద్దామని అడిగినా మా నవాసీ నోటి నుంచి వచ్చే మొదటి పేరు తాబేలే. నాలుగేళ్లు నిండాయి దానికి. ఇంట్లో కఛువా అంటుంది, నర్సరీలో తాబేలు అంటుంది. రెండూ ఒకటేనని తెలిసినప్పుడు దాని ముఖంలో వచ్చిన ఖుషీ చూడాల్సిందే.

చిన్నపిల్లలకి తాబేలు ఎందుకంత నచ్చుతుందో ఆలోచిస్తే అర్థమవుతుంది. ఒక గుండ్రం, నాలుగు కాళ్లు, ఒక తల, చిన్న తోక. ఏనుగు గీయడం రాని చేతికి కూడా తాబేలు వస్తుంది. అది పరిగెత్తదు, కరవడానికి మీదపడదు. పైగా దాని ఇల్లు దాని వీపు మీదే ఉంటుంది. అమ్మీ కొంగు వదలడానికి భయపడే వయసులో, ఇంటిని వెంట తీసుకుపోయే జంతువంటే పిల్లలకి ఎంత తసల్లీ!

అందుకే ఏ నర్సరీకి వెళ్లినా గోడ మీద తాబేలు కనిపిస్తుంది. మా నవాసీ కూడా నర్సరీలో ఒకటి చేసి తెచ్చింది. కాగితం కప్పు బోర్లించి ఆకుపచ్చ రంగు వేశారు. కప్పుకి చిల్లు పెట్టి అందులోంచి ఒక పుల్ల దూర్చారు. పుల్ల చివర నవ్వుతున్న తల. పుల్ల లాగితే తల లోపలికి పోతుంది, తోస్తే బయటికి వస్తుంది. మాషాఅల్లా, మంచి బొమ్మే. వారం రోజులు దాన్ని పక్కలో పెట్టుకుని పడుకుంది. ఇంటికి ఎవరొచ్చినా దాని తల లోపలికి లాగి, “షర్మాతా హై” అనేది.

ఆ జనవరిలో ఒక ఆదివారం విజయనగరం నుంచి అందరం చింతపల్లి బీచ్‌కి వెళ్లాం. పూసపాటిరేగ మండలంలోది. మన జిల్లాకి ఉన్న కొద్దిపాటి సముద్రతీరంలో అదొక మంచి చోటు. అల్లుడు పిల్లని భుజాల మీద ఎక్కించుకుని ముందు నడుస్తున్నాడు. నీటి గట్టున ఏదో పెద్ద రాయిలా కనిపించింది. దగ్గరికి వెళ్తే తాబేలు. రెండడుగుల పైన పొడవు. ఉబ్బిపోయి ఉంది. కళ్ల దగ్గర ఈగలు. వల బాగు చేసుకుంటున్న ఒక జాలరి అమ్మ మమ్మల్ని చూసి, “వల్లో పడిపోనాదమ్మా. పైకి రానేక, ఊపిరాడక సచ్చిపోనాది. ఈ నెలల్లో ఇలాగొస్తుంటాయి” అంది. ఆవిడ గొంతులో కూడా బాధ ఉంది.

పిల్లని వెనక్కి తిప్పేలోపే అది చూసేసింది. ఏడవలేదు. చాలాసేపు చూసి నన్ను అడిగింది: “నానీ, ఇదెందుకు లోపలికి పోలేదు?”

నాకు వెంటనే అర్థం కాలేదు. దాని కప్పు తాబేలు భయం వేస్తే లోపలికి పోతుంది కదా. మరి ఇంత పెద్ద తాబేలు, వీపు మీద ఇంత పెద్ద ఇల్లు పెట్టుకుని, వల వచ్చినప్పుడు లోపలికెందుకు పోలేదు అని దాని సవాల్. ఇంటికొచ్చాక కప్పు తాబేలు తల లోపలికి లాగేసింది. రెండు రోజుల దాకా బయటికి రానివ్వలేదు.

ఆ సవాల్‌కి సరైన జవాబ్ ఉంది. సముద్ర తాబేలు తన తలని గానీ కాళ్లని గానీ చిప్పలోకి లాక్కోలేదు. నేల మీద తిరిగే తాబేలుకి అల్లాహ్ దాక్కునే ఇల్లు ఇచ్చాడు. సముద్రంలో తిరిగేదానికి ఈదే రెక్కలిచ్చాడు. నీటిలో వేగంగా పోవాలంటే చిప్ప పలచగా, చదునుగా ఉండాలి. ముడుచుకోవడానికి అందులో జాగా ఉండదు. తెలుగులో రెండిటికీ తాబేలు అనే ఒకే మాట, ఉర్దూలో కఛువా అనే ఒకే మాట. అందుకని మన పిల్లలకి రెండూ ఒకటే అయిపోయాయి. మన ఉత్తరాంధ్రలోనేమో రెండూ ఉన్నాయి, రెండిటి కథలూ వేరు.

అందుకే మా ఇంట్లో రెండు తాబేళ్లు చేశాం. మీరూ చేయించండి అని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మొదటిది నేల తాబేలు. శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్లని పెంచుతారని మీకు తెలిసే ఉంటుంది. నల్లటి చిప్ప మీద ప్రతి పెంకు నడిమి నుంచీ పసుపు గీతలు చుక్క కిరణాల్లా విచ్చుకుని ఉంటాయి. దీనికి అడ్డాకు దొన్నె బాగుంటుంది. పార్వతీపురం వైపు ఏజెన్సీ ఊళ్ల నుంచి వచ్చే అడ్డాకుల విస్తళ్లు, దొన్నెలు మన బజార్లో దొరుకుతాయి. దొన్నె బోర్లించండి. బొగ్గు మెత్తగా నూరి, తుమ్మబంక నీళ్లలో కలిపి, పిల్లల చేత నల్లరంగు వేయించండి. ఆరాక పసుపు చిక్కగా తడిపి, వేలితోనే చుక్క పెట్టించి, చుక్క నుంచి గీతలు లాగించండి. తలకి ఐస్‌క్రీమ్ పుల్ల. నర్సరీలో చేసినట్టే తల లోపలికీ బయటికీ ఆడుతుంది. దీనికి ఆ ఆట నిజం. నక్షత్ర తాబేలు భయం వేస్తే నిజంగానే ముడుచుకుంటుంది. పనిలో పనిగా ఒక మాట. అదృష్టం కలిసొస్తుందని ఎవరైనా వీటిని అమ్మజూపితే కొనకండి. ఇంట్లో పెంచడం చట్టం ప్రకారం నేరం.

రెండోది సముద్ర తాబేలు. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చేది ఆలివ్ రిడ్లీ. ఆకుపచ్చ కాదది. పచ్చి ఆలివ్ కాయకి బూడిద పూసినట్టుండే రంగు. చిప్ప పైనుంచి చూస్తే గుండ్రంగా కాకుండా ఇంచుమించు దిల్ ఆకారంలో ఉంటుంది. దీనికి దొన్నె పనికిరాదు, చదునైన అట్టముక్క కావాలి. చెప్పుల డబ్బా మూత చాలు. దాని మీద పాత గోనెసంచి ముక్క అంటించండి. గోనె రంగు సగం పని చేసిపెడుతుంది. పైన కాస్త పొయ్యి బూడిద, కాస్త ఆకుపచ్చ కలిపి అద్దించండి. ముందు రెక్కలు పొడవుగా, వెనక రెక్కలు పొట్టిగా కత్తిరించండి. కాళ్లు, వేళ్లు పెట్టొద్దు. తల అట్టకి గట్టిగా అంటించేయండి. పుల్ల వద్దు, చిల్లు వద్దు. “ఇది లోపలికి పోదు బేటీ, పోలేదు” అని అంటించేటప్పుడే చెప్పండి. ఆ మాట చెవి కంటే ముందు చేతికి అర్థమవుతుంది.

వీపు మీది పెంకులకి చింతపిక్కలు. ఆలివ్ రిడ్లీకి వెన్ను వరసకి అటూ ఇటూ పక్క పెంకులు ఆరేసి, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఉంటాయి. వేరే సముద్ర తాబేళ్లలో చాలావాటికి అన్ని ఉండవు. అటు ఆరు, ఇటు ఆరు పెట్టించండి. లెక్క కూడా వచ్చేస్తుంది. మా నవాసీ ‘చే’ తర్వాత ఆగిపోయి, తెలుగులో ‘ఆరు’ అని మళ్లీ సరిచూసుకుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. మూడేళ్ల లోపు పిల్లలుంటే చింతపిక్కలు వద్దు. ముక్కులో పెట్టుకుంటారు, మింగేస్తారు. వాళ్లకి బంకమట్టి ఉండలు నొక్కించండి. రెండోది, పలాస వైపు చుట్టాలున్నవాళ్లకి జీడిపిక్కలు ఊరికే దొరుకుతాయి. చూడ్డానికి తాబేలు తలలా ఉంటుందని వాటిని పిల్లల చేతికివ్వకండి. ఆ పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది.

తర్వాత గుడ్ల ఆట. తల్లి తాబేలు రాత్రి పూట ఒడ్డుకి వచ్చి, వెనక రెక్కలతో ఒకటిన్నర అడుగుల లోతు గొయ్యి తవ్వి, ఒక్కసారికి వంద, నూట ఇరవై దాకా గుడ్లు పెడుతుంది. తెల్లగా, గుండ్రంగా, టేబుల్ టెన్నిస్ బంతుల్లా ఉంటాయి. పిండితో చేద్దామంది మా అమ్మాయి. పిండి రిజ్ఖ్, దాన్ని ఆటకి పారేయొద్దన్నాను. బంకమట్టి తెప్పించి ఇంటిల్లిపాదీ ఉండలు చేశాం. వంద అనే అంకె నాలుగేళ్ల పిల్లకి ఉత్త మాటే. ఒక్కొక్కటీ చేసి పెడుతుంటే, అస్ర్ అజాన్ అయ్యేసరికి పళ్లెం నిండిపోయి, చేతులు నొప్పెట్టి, అప్పుడు వంద అంటే ఏంటో తెలిసింది. పాత టబ్బులో ఇసుక పోసి వాటిని పాతిపెట్టాం. ఆలివ్ రిడ్లీ తల్లి గొయ్యి పూడ్చాక తన పొట్టతో అటూ ఇటూ ఊగుతూ ఇసుకని దబదబా కొట్టి గట్టిపరుస్తుంది. పిల్లలకి ఈ భాగం చెప్తే చాలు, ఇల్లంతా దద్దరిల్లుతుంది.

“మరి అమ్మీ అక్కడే కూర్చుంటుందా?” అని అడిగింది. కూర్చోదు. సముద్రంలోకి వెళ్లిపోతుంది. 45 నుంచి 60 రోజులు ఇసుక వేడే ఆ గుడ్లని పొదుగుతుంది. ఇసుక ఎక్కువ వేడిగా ఉంటే ఆడపిల్లలు, తక్కువ వేడిగా ఉంటే మగపిల్లలు పుడతాయి. గుడ్లు పెట్టేటప్పుడు తల్లి కళ్ల నుంచి నీళ్లు కారతాయి. ఒంట్లోని ఉప్పుని బయటికి పంపే గ్రంథులు కళ్ల పక్కన ఉంటాయి, ఆ నీళ్లు అవే. ఇది చెప్పినా మా నవాసీ నమ్మలేదు. “బచ్చాలని వదిలి పోతుంది కదా, అందుకే రోతీ” అంది. నేను బహస్ చేయలేదు.

కరెంటు పోయినప్పుడు ఆడే ఆట ఇంకొకటి. వేరుసెనగ కాయ నిలువునా చీలిస్తే వచ్చే సగం తొక్కకి నల్లరంగు వేస్తే అప్పుడే గుడ్డులోంచి వచ్చిన తాబేలు పిల్ల తయారు. నిజమైన పిల్ల కూడా దాదాపు అంతే, నాలుగు సెంటీమీటర్లు. పది పిల్లలని చాప మీద ఒక చివర పెట్టి, రెండో చివర టార్చి వెలిగించండి. అదే సముద్రం. చీకట్లో సముద్రం మీద ఆకాశం నేల వైపు కంటే వెలుగుగా ఉంటుంది, పిల్లలు ఆ వెలుగు వైపే పరిగెడతాయి. బచ్చాలు తొక్కలని అటు జరుపుతారు. ఇప్పుడు వెనక నుంచి ఇంకో పెద్ద టార్చి వేయండి. అది రోడ్డు మీద లైటు, రిసార్టు లైటు. “ఇప్పుడు ఎటు పోవాలి?” అని అడగండి. మా ఇంట్లో ఆ ప్రశ్నకి పిల్లలందరూ ఆగిపోయారు. మా నవాసీ లేచి వెళ్లి రెండో టార్చి ఆర్పేసింది. ఎవరూ చెప్పలేదు దానికి.

మీలో కొందరికి ఒక సందేహం వస్తుందని తెలుసు. మా చెల్లెలే అడిగింది, “ఆపా, జాన్‌దార్ బొమ్మలు చేయించొచ్చా?” అని. పిల్లల ఆటబొమ్మల సంగతి వేరని చెప్పే ఉలమాలు చాలామంది ఉన్నారు. హజ్రత్ ఆయిషా (రజి.) చిన్నతనంలో బొమ్మలతో ఆడుకున్న సంగతి హదీసుల్లో ఉంది. ఇది షోకేసులో పెట్టి చూసుకునే వస్తువు కాదు, పిల్ల ఆడి, చింపి, పారేసేది. అయినా మనసొప్పని వాళ్లు కళ్లు, ముఖం పెట్టకుండా చేయించుకోండి. నేను చెప్పదలుచుకున్నది ముఖంలో లేదు, రెక్కల్లో ఉంది.

ఇంకో మాట కూడా అడిగింది, శ్రీకూర్మం గురించి పిల్లకి ఎందుకు చెప్పావని. మన పక్కింటివాళ్లకి కూర్మం అంటే దేవుడి అవతారం. వాళ్ల అఖీదా వాళ్లది. మనకి తాబేలు అల్లాహ్ మఖ్లూఖ్. వాళ్ల లెక్కలోనూ, మన లెక్కలోనూ దాని మీద రాయి వేయకూడదు. పిల్లకి నేను చెప్పింది ఇంతే. ఒకప్పుడు గుల్షనాబాద్ అని పిలిపించుకున్న శ్రీకాకుళంలో ఇరుగుపొరుగు సంగతులు తెలియకుండా పిల్లలు పెరగడం మంచిది కాదు.

చింతపల్లిలో చూసిన దాని సంగతి పిల్ల మళ్లీ మళ్లీ అడుగుతూనే ఉంది. “వల వేసినవాళ్లు చెడ్డవాళ్లా?” అంది. కాదన్నాను. ఎవరూ తాబేలు కోసం వల వేయరు. చేపల కోసం, రొయ్యల కోసం వేస్తారు. తాబేలుకి మనలాగే ఊపిరితిత్తులు. గాలి పీల్చడానికి పైకి రావాలి. మరపడవలు లాగే వలలో చిక్కి పైకి రాలేకపోతే నీళ్లలోనే ఊపిరాడక పోతుంది. దీనికి ఇలాజ్ ఉంది. వల మెడ దగ్గర ఊచల చట్రం ఒకటి బిగిస్తారు. రొయ్యలూ చిన్న చేపలూ ఊచల మధ్య నుంచి వల సంచిలోకి పోతాయి. తాబేలు ఊచలకి తగిలి, పక్కనున్న తలుపులోంచి బయటపడుతుంది. ఐదేళ్ల పిల్లలుంటే ఇది కూడా చేయించొచ్చు. ఉల్లిపాయల జాలీ సంచి, నాలుగు చీపురుపుల్లలు, సంచి పక్కన ఒక కోత. చింతపిక్కలు చేపలు, అట్ట తాబేలు తాబేలు. సంచిని చాప మీద లాగుతూ పోతే చింతపిక్కలు లోపలికి పోతాయి, తాబేలు కోతలోంచి బయటికి వస్తుంది. మా నవాసీ దీన్ని ఎన్నిసార్లు ఆడిందో లెక్కలేదు. తాబేలు బయటపడిన ప్రతిసారీ చప్పట్లు. ఆ రోజు రాత్రి కప్పు తాబేలు తల మళ్లీ బయటికొచ్చింది.

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి పెరగడానికి ఇచ్చే మోహలత్ అది. తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చేది చాలావరకు అంతకుముందే, చలి నెలల్లో. అందుకే చనిపోయినవి ఆ నెలల్లోనే ఎక్కువగా కొట్టుకొస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆలివ్ రిడ్లీ మొదటి షెడ్యూల్‌లో ఉంది, అంటే పులికి ఉన్నంత హిఫాజత్. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్తే గంజాం జిల్లాలో రుషికుల్య నది ముఖం దగ్గర ఇవి కొన్ని ఏళ్లలో వేలకు వేలు ఒకేసారి ఒడ్డుకొస్తాయి. మన దగ్గర అలా గుంపుగా రావు. శ్రీకాకుళం జిల్లాకి దాదాపు 193 కిలోమీటర్ల తీరం ఉంది, బారువ నుంచి కళింగపట్నం దాకా, ఇంకా కిందికి, అక్కడొకటి ఇక్కడొకటి వచ్చి గుడ్లు పెట్టి పోతాయి. నక్కలూ కుక్కలూ తవ్వేయకుండా అటవీశాఖ, ట్రీ ఫౌండేషన్ లాంటి సంస్థలు, ఊళ్లలోని జాలరి యువకులు రాత్రుళ్లు తీరం వెంట నడిచి, గుడ్లు సేకరించి, కంచె వేసిన ఇసుకలో పాతిపెట్టి, పిల్లలు బయటికి వచ్చాక సముద్రంలో వదులుతారు. రాత్రంతా ఇసుకలో నడిచే ఆ ఖిద్మత్ గురించి మన పిల్లలకి చెప్పాలి. బొమ్మ చేయడం అయ్యాక ఆ సంగతి చెప్తే వింటారు. ముందే చెప్తే వినరు.

మీరెప్పుడైనా బీచ్‌కి వెళ్లినప్పుడు తల్లి తాబేలు కనిపిస్తే దూరంగా నిలబడండి. దాని ముందుకి వెళ్లకండి, పైన కూర్చుని ఫోటో దిగే పని అసలే చేయకండి. గుడ్లున్న చోటు తెలిస్తే తవ్వకుండా అటవీశాఖ వాళ్లకి కబురు చేయండి. తిని పారేసిన ప్లాస్టిక్ సంచులు వెంట తెచ్చేసుకోండి.

మేము ఈసారి మార్చిలో పిల్లలని వదిలేటప్పుడు చూడ్డానికి వెళ్దామనుకుంటున్నాం, ఇన్షాఅల్లా. మా నవాసీ తన అట్ట తాబేలుని కూడా సముద్రంలో వదులుతానంది. వద్దన్నాను. అట్ట నానిపోతుంది, రంగులూ జిగురూ నీళ్లలో కలుస్తాయి, అది కచరా అవుతుంది అని చెప్పాను. చాలాసేపు ముఖం ముడుచుకుంది. తర్వాత తనే వచ్చి ఆ తాబేలుని కప్పు తాబేలు పక్కన కిటికీలో పెట్టి, నాకో షరతు పెట్టింది.

“నానీ, అక్కడికి వెళ్లాక నీ ఫోన్ లైటు వేయకు. అవి నీ వైపు వచ్చేస్తాయి.”

సరేనన్నాను. ఖుదా హాఫిజ్.